ఆపిల్ పండుకి మాసిక

కొవ్వొత్తి ముక్కను జిప్పు పళ్ళ వెంట పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ రుద్ది, రన్నర్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. సర్రున వచ్చింది. వెనక్కి లాగాడు. సర్రున వెళ్ళింది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఆయన పెదవి చివర చిన్న ముడత ఒకటి పడుతుంది. అది నవ్వని తెలిసింది లోకంలో ఒక్క మనిషికే. ఆ మనిషి ఇప్పుడు సరిగ్గా ఆయన తలమీద, పై గదిలో, మంచంమీద పడుకుని ఉంది.

అందరూ ఆయన్ని జిప్పులాయన అంటారు. మేడమెట్ల కింద ఆయన కొట్టు. నిలబడితే మెట్టు తలకి తగులుతుంది కాబట్టే కూర్చుని చేసే పని నేర్చుకున్నానంటాడు. కూర్చుని కూర్చుని వీపు కూడా మెట్ల వాలులోకే వంగింది. సన్నటి మనిషి. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే, కొత్తది కొనకుండా బూడిదరంగు జిప్పు పట్టీ ముక్క కుట్టి చెవికి తగిలించుకున్నాడు. కుడిచేతి బొటనవేలి గోటికి చిన్న గాడి ఉంది. మొండికేసిన రన్నర్లను ఎత్తి ఎత్తి పడిన గాడి అది. గోడకి కొట్టిన మేకులకు రంగురంగుల జిప్పులు జడల్లా వేలాడుతుంటాయి. గాలి వీస్తే ఒకదానికొకటి తగిలి గుసగుసలాడుకుంటాయి.

ఇది ఆయనకి గిరాకీ కాలం. వీధిలో చెట్ల ఆకులు పసుపుపచ్చగా మారి రాలడం మొదలైందంటే చాలు, జనానికి ఒక్కసారిగా కోట్లు గుర్తొస్తాయి. బీరువాలోంచి తీస్తారు, దులుపుతారు, జిప్పు పైకి లాగుతారు. అది సగం దూరం వచ్చి ఇంక రానంటుంది. "నిన్నటిదాకా బాగానే ఉందండీ!" అంటూ పట్టుకొస్తారు. నిన్నంటే పోయిన చలికాలం.

ఆవిడకీ ఇదే గిరాకీ కాలం. ఆవిడంటే ఆయన భార్య. ఆ వీధి చివరి కార్ఖానా క్యాంటీన్‌లో పెద్ద పొయ్యి ఆవిడదే. రొట్టెలు కాల్చినా, కూరలు కాల్చినా, ఆ ఇనపతలుపు తెరిచి మూసే చెయ్యి ఆవిడదే. వెల్డింగు చేసేవాళ్ళ దగ్గర్నుంచి మేనేజరు దాకా ఆవిణ్ణి పొయ్యక్క అనే పిలిచేవారు. బొద్దుగా, ఎర్రటి బుగ్గలతో ఉండేది. ముంజేతులనిండా ట్రే అంచులు తగిలి కాలిన సన్నటి గీతలు. ఎవరైనా అయ్యో అంటే, "మా పొయ్యి పెట్టిన గాజులమ్మా ఇవి, పగలవు, పోవు," అనేది. ఆపిల్ పళ్ళు చవకైన ఈ కాలంలో క్యాంటీన్‌లో వాటిని వెన్నా పంచదారా కూరి కాల్చేవారు. సాయంత్రం ఆవిడ గుమ్మంలో అడుగు పెడుతుంటే ముందు దాల్చినచెక్క వాసన వచ్చేది, వెనక మనిషి వచ్చేది.

పిల్లల్లేరు. ఆయన సణుగుడు, ఆవిడ నవ్వు, ఆ రెండు గదులకీ అవే పిల్లలు.

వేసవి చివర్లో ఒకరోజు ట్రే ఎత్తబోయి ఆయాసంతో కూలబడింది. గుండె సాగి, బలం తగ్గిపోయిందన్నాడు డాక్టరు. పోయినవారం ఇంటికొచ్చి చూసి, వెళ్తూ వెళ్తూ ఆయన్ని గుమ్మం బయటికి పిలిచాడు. "ఇంక మందులతో పెద్దగా ఒరిగేదేం లేదు. నోరు తెరిచి ఏదడిగితే అది పెట్టండి. రేపటికి వాయిదా వేయకండి," అన్నాడు.

అడిగితే కదా పెట్టడం! ఆవిడ ఏమీ అడగలేదు. పాలు రెండు గుక్కలు, రొట్టె చిన్న ముక్క, అదీ ఆయన మొహం చూసి. ఇవాళ పొద్దున్న మాత్రం, ఆయన పాలగ్లాసు పెదవులకి ఆనిస్తుంటే పక్కకి జరిపి, "ఆపిల్ తినాలనుందండీ," అంది.

ఆయన ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "ఓస్, అదెంతసేపు! ఇప్పుడే తెచ్చి ముక్కలు కోసి పెడతా."

"అది కాదు. మా క్యాంటీన్‌లో కాలుస్తామే, అది. పొయ్యిలోంచి తీసింది తీసినట్టు. వేడివేడిగా."

"ఏడాదికేడాది తింటూనే ఉన్నావు కదే. మొహం మొత్తలేదూ?"

ఆవిడ నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, "వేడిగా ఎప్పుడు తిన్నాను?" అని కళ్ళు మూసుకుంది.

ఆ మాటని వెంటబెట్టుకునే ఆయన కిందికి వచ్చి కొట్టు తెరిచాడు. చేతులు పని చేస్తూనే ఉన్నాయి గానీ, జిప్పు పళ్ళమధ్య దారప్పోగు పడ్డట్టు ఆ మాట దగ్గరే మనసు ఆగి ఆగి కదులుతోంది. నాలుగో కోటు చేతిలోకి తీసుకున్నవాడు దాన్ని అలాగే పక్కన పెట్టాడు. 'ఇప్పుడే వస్తాను' అని రాసిన అట్టముక్క కొట్టుకి తగిలించాడు. పైకి వెళ్ళి చూస్తే ఆవిడ నిద్రపోతోంది. దుప్పటి సరిచేసి, చప్పుడు కాకుండా మెట్లు దిగాడు.

క్యాంటీన్ వెనక తలుపు దగ్గర ఆవిరి వీధిలోకి పొంగుతోంది. లోపల కూరగాయలు తరిగే ఆవిడ ముల్లంగి దుంపలతో కుస్తీ పడుతోంది. పొడుగు మనిషి, అంతకన్నా పొడుగు నాలుక. ఆయన భార్యని అక్కా అని పిలుస్తుంది కాబట్టి ఈయన్ని బావగారూ అంటుంది, ఆ చనువుతో ఆటపట్టిస్తుంది కూడా.

"ఎవరూ, బావగారే! ఏమిటి, జనమంతా గుండీలు కొనుక్కున్నారా, ఇటు దారి తప్పారు?"

"మీ అక్క ఆపిల్ కావాలంది."

కత్తి ఆగింది. "అడిగిందా? తన నోటితో తనే అడిగిందా?"

"అడిగింది. వేడిగా కావాలంది. ఎలా చేస్తారో చెప్పు."

ఆవిడ చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చింది. మొహంలో వేళాకోళం పోయింది. "దానికేముంది! పండు పైన మూతలా కోసి, గింజలున్న మధ్యభాగం తీసెయ్యండి. ఆ గుంటలో వెన్న, పంచదార, దాల్చినచెక్క పొడి, నాలుగు ఎండుద్రాక్షలు కూరండి. పైన వెన్నలో కలిపిన ఓట్స్ అద్దండి. పళ్ళెంలో గుక్కెడు నీళ్ళు పోసి, పొయ్యిలో పెట్టి మూసెయ్యండి. తొక్క ముడతలు పడి, పండు విచ్చుకుని నవ్వితే అయిపోయినట్టే."

"అంతేనా?"

"అంతే. వంట రానివాళ్ళు చేసే వంట బావగారూ ఇది. పనంతా పొయ్యే చేసుకుంటుంది. మనం ఎదురుచూడాలంతే."

ఆయన లోపలికి తొంగిచూశాడు. తన భార్య పొయ్యి దగ్గర ఇప్పుడు ఇంకెవరో నిలబడి ఉన్నారు. "ఇక్కడివే ఒకటి ఇస్తావా? పరుగున పట్టుకుపోతా."

"మీరు పరుగెత్తడమే? ఇంటికెళ్ళేసరికి చల్లారిపోతుంది. చల్లటిదే చాలనుకుంటే అక్క ఇన్నేళ్ళలో ఎప్పుడో తినేది."

"ఇన్నేళ్ళూ తినకపోవడమేమిటి? పొయ్యి దగ్గర నిలబడేది తనేగా!"

"నిలబడితే? అందరికీ వడ్డించాక ఆఖర్న మాకు తలా ఒకటి మిగులుతుంది. మనిషికి ఒకటే, లెక్క తప్పకూడదు. మేమంతా నిలబడ్డచోటే మింగేస్తాం. అక్క మాత్రం డబ్బాలో పెట్టి మూత బిగించేది. మా ఆయనకి ఇష్టం అనేది. సగమైనా తినవే అంటే, సగం కోస్తే అందం పోతుంది అనేది." ఆవిడ ఆయన మొహంలోకి చూసి గొంతు తగ్గించింది. "మీకు తెలీదా?"

ఆయనకి తెలీదు.

కూరగాయలు తరిగే ఆవిడ ఇచ్చిన ఆపిల్ పళ్ళమూటతో తిరిగొస్తుంటే రాలిన ఆకులు కాళ్ళకింద కరకరలాడాయి. క్యాంటీన్ అంటే ట్రేలకి ట్రేలు, రాసులకి రాసులు అనుకున్నాడు. పొయ్యి ఏలే మనిషికి పండుకి కరువా అనుకున్నాడు. మిగిలిపోయినవాటిలోంచి ఒకటి విదిలించి తెస్తోందనుకున్నాడు. రోజూ సాయంత్రం డబ్బా మూత తియ్యగానే వేలితో తాకి చూసి, జిప్పు పరీక్షించినట్టు మొహం పెట్టి తీర్పు చెప్పేవాడు. చల్లారిపోయింది. పైన కరకర పోయింది. వెన్న గడ్డకట్టింది. ఒకసారైతే, "నువ్వు అక్కడ వేడివేడివి లాగించి, నాకు చద్దివి మోసుకొస్తావు," అని కూడా అన్నాడు. హాస్యానికే అన్నాడు. ఆవిడా నవ్వింది. నవ్వి, అయినా ఆయన అన్నాడు కదా అని మర్నాడు డబ్బాకి తన ఉన్ని శాలువా చుట్టుకొచ్చింది. శాలువా లేకుండా చలిలో ఎలా నడిచొచ్చిందో ఆయన అడగలేదు.

దారిలో దుకాణంలో వెన్న, ఓట్స్, ఎండుద్రాక్ష కొన్నాడు.

ఇంట్లో చిన్న కరెంటు పొయ్యి ఒకటుంది. కోట్ల గిరాకీ బాగా వచ్చిన ఒక ఏడాది ఆవిణ్ణి సంతోషపెడదామని ఆయనే కొన్నాడు. ఆవిడ దాన్ని చూసి బుగ్గలు నొక్కుకుంది. "పగలంతా దీని అక్కతో కాపురం చేసి, ఇంటికొచ్చి ఈ చెల్లెలితోనా?" అంది. అప్పట్నుంచీ అది ఉల్లిపాయలకి ఇల్లయింది. ఇప్పుడు ఉల్లిపాయలు తీసి, తడిగుడ్డతో తుడిచి, ప్లగ్గు పెట్టాడు. లోపల ఎర్రటి తీగ మెల్లగా వెలిగింది. పాపం, ఇన్నాళ్ళూ పనిలేకపోయినా అలిగినట్టు లేదు.

మధ్యభాగం తీసెయ్యాలి. కత్తితో గీకి చూశాడు, వంకరటింకరగా వచ్చింది. అప్పుడు తోచింది. కిందికెళ్ళి బెల్టులకి, సంచులకి చిల్లులు వేసే ఇనప గొట్టాల్లో అన్నిటికన్నా లావుది తెచ్చి మరిగే నీళ్ళలో కడిగాడు. పండుమీద నిలబెట్టి చెక్కసుత్తితో ఒక్కటిచ్చాడు. టప్! ఎంత శుభ్రమైన చిల్లు! అంచు చిట్లలేదు, తొక్క చిరగలేదు. పెదవి చివర ముడత పడింది. అదే ఊపులో మూటలో ఉన్న పళ్ళన్నిటికీ టప్, టప్, టప్ మని కొట్టేశాడు. వెన్నా పంచదారా కూరి, ఓట్స్ అద్ది, ఒకదాన్ని పళ్ళెంలో పెట్టి పొయ్యిలోకి నెట్టాడు.

కాసేపటికి పొయ్యిలోంచి పొగ వచ్చింది.

"ఏమండీ!" గదిలోంచి సన్నటి గొంతు. "అడుగు చిల్లు పడిందా?"

ఆయన తలుపు దగ్గరికి వచ్చాడు. "లేచావా? నీకెలా తెలుసు?"

"మాడేది పంచదార. పండైతే వాసన ఇలా ఉండదు. దేంతో తీశారు?"

"తోలుకి చిల్లులేసే గొట్టంతో."

"అయ్యో నా రాత! అది పండా, బెల్టా? అడుగు ఉంచుకోవాలండీ. లేకపోతే లోపల పెట్టిందంతా కిందికి కారిపోదూ?"

"ఆ మాట మీ క్యాంటీన్‌లో కూరగాయలు తరిగే ఆవిడ చెప్పలేదు."

"చెప్పడమేమిటి, అడుక్కి చిల్లు పెడతారని ఎవరనుకుంటారు! పోన్లెండి, ఇంకోటి తియ్యండి."

ఆయన తల గోక్కున్నాడు. "అన్నిటికీ కొట్టేశా."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. దిండుమీద తల అటూ ఇటూ తిప్పుతూ నవ్వింది. భుజాలు కదిలాయి, కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి, ఆయాసం వచ్చింది. ఆయన వచ్చి వీపు నిమిరాడు. చేతికి ఎముకలు తగిలాయి. ఇంత బొద్దు మనిషిలో ఇన్ని ఎముకలు ఎక్కడ దాచుకుందో.

"బజారుకెళ్ళి వేరేవి తెస్తా," అన్నాడు.

"వద్దు. ఇక్కడే ఉండండి."

ఆయన కాసేపు ఆలోచించాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి గొట్టంలో ఇరుక్కున్న ముక్కల్ని పుల్లతో బయటికి నెట్టాడు. గింజలు లేని కొస చూసుకుని, బిళ్ళలా కోసి, అది వచ్చిన పండు అడుగునే కిందినుంచి బిగించాడు. తీసిన ముక్క తీసినచోట ఇమిడిపోయింది. మాసిక ఎప్పుడూ అదే బట్టలోంచి వెయ్యాలి. వేరే బట్ట అయితే పట్టదు. మళ్ళీ కూరాడు, అద్దాడు, ఎత్తి చూశాడు. చుక్క కారలేదు. పొయ్యిలో పెట్టేముందు ఆ పండుని తెచ్చి ఆవిడకి తిప్పి చూపించాడు.

ఆవిడ అడుగుభాగం వేలితో తడిమింది. అతుకు గుండ్రంగా, వెంట్రుకవాసి సందు లేకుండా ఉంది. "ఆపిల్ పండుకి మాసిక వేసిన మొగుణ్ణి లోకంలో నేనొక్కదాన్నే చూసుంటాను. ఇది చూడకుండా పోతే ఏమైపోయేదాన్ని!" అంది.

పోతే అన్న మాట చెవిన పడగానే ఆయన పండు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

పొయ్యి మూశాక ఇంక ఎదురుచూడ్డమే పని. ఆయన మంచం పక్కన స్టూలుమీద కూర్చున్నాడు. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి వచ్చి దుప్పటిమీద పిల్లిలా పడుకుంది. దుప్పటి అంచున లేచిన దారప్పోగుని ఆయన వేలికి చుట్టుకుంటున్నాడు. ఎండుద్రాక్ష ఉబ్బుతున్న వాసన, వెన్న కాగుతున్న వాసన ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గదిలోకి వచ్చాయి. ఆవిడ కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది.

"డబ్బాలో తెచ్చేది నీ వాటా అని ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఆయన.

ఆవిడ ఒక కన్ను తెరిచింది. "ఆ వాగుడుకాయ చెప్పేసిందా?"

"అడిగినదానికి చెప్పు."

"చెప్తే తినేవారా?"

"తినేవాణ్ణి కాదు."

"మరి అందుకే."

వేలికి చుట్టిన దారం బిగుసుకుంది. "చద్దివి తెస్తావన్నాను నిన్ను."

"చాలాసార్లు అన్నారు." ఆ మాటలో నిష్ఠూరం లేదు. కిటికీ తెరిచి ఉందని చెప్పినట్టు చెప్పింది. "అంటూనే డబ్బా అడుగు వేలితో నాకేవారు. మీరు అలా సణుగుతూ నాకుతుంటే చూడ్డం నాకు సరదా. అందుకే తెచ్చేదాన్ని. మీరేదో పెద్ద తప్పు చేసినట్టు ఆ మొహమేంటి?"

ఆయన ఏదో అనాలనుకున్నాడు. జిప్పు గురించైతే ఎంతసేపైనా మాట్లాడగలడు. ఇది చెప్పడానికి ఏ పన్ను దగ్గర మొదలుపెట్టాలో తెలియలేదు. పొయ్యి ఇంట్లోనే ఉంది. పళ్ళు వీధి మలుపులోనే దొరుకుతాయి. ఆవిడ కాళ్ళు వాచి ఇంటికొచ్చే సాయంత్రాల్లో ఏ ఒక్క సాయంత్రమైనా ఆయన ఇది చేసి ఉండొచ్చు. ఇంత సులువా! కష్టమైన పనైతే ఎప్పుడో ఒకప్పుడు నడుం బిగించి ఉండేవాడేమో. అసలిది తను చెయ్యదగ్గ పనేనని ఎన్నడూ తోచలేదు. తినడమే తన వంతనుకున్నాడు.

"కాళ్ళు నొక్కనా?" అన్నాడు చివరికి.

"వద్దు. పొయ్యి చూడండి, పండు నవ్వే వేళైంది."

నిజంగానే నవ్వింది. తొక్క ముడతలు పడి, నడుమ విచ్చుకుని, ఆ విచ్చుకున్నచోట పంచదార పాకం బుడగలు కక్కుతోంది. పైన ఓట్స్ బంగారు రంగుకి తిరిగాయి. మాసిక నిలబడింది. పళ్ళెం అంచు గుడ్డతో పట్టుకుని, పాపని ఎత్తుకొచ్చినట్టు తెచ్చి స్టూలుమీద పెట్టాడు. ఆవిడ వీపుకి రెండు దిండ్లు ఆనించి లేపి కూర్చోబెట్టాడు. చేతికి స్పూను ఇచ్చాడు. ఆవిడ మొహంలోకి చాలా రోజుల తర్వాత ఆ పాత ఎరుపు వచ్చింది. అది ఆవిరి వేడికేనేమో. స్పూను పండుకి ఆనించబోయింది.

"తొందరపడకు, లోపల కుతకుతమంటోంది. నాలుక కాలుతుంది. కాస్త చల్లారనీ," అన్నాడు.

అన్నాక ఆ మాట ఆయనకే వినబడింది. ఆవిడకీ వినబడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవరండీ ఆ మాట అంటున్నది?" అని ఆవిడ కనుబొమలు ఎగరేసింది.

అంతలో కిందినుంచి కేక. "అయ్యా! జిప్పులాయనా! కాస్త రండి బాబూ, ఊపిరాడ్డం లేదు!" ఆ వెంటనే ఒక ఆడపిల్ల పకపకా నవ్వు.

"కొట్టు మూసేశానని చెప్పొస్తా," అన్నాడు ఆయన చిరాగ్గా.

"మూసేయడమేమిటి, ఊపిరాడ్డం లేదంటుంటే! వెళ్ళి చూడండి. పాపం, కొత్తగా పెళ్ళయినవాళ్ళలా ఉన్నారు."

"నవ్వు వింటే తెలిసిపోతుందా?"

"తెలుస్తుంది. పాతబడ్డాక మొగుడు ఇరుక్కుంటే అంత గట్టిగా నవ్వరు. వెళ్ళండి, ఇది చల్లారేలోపు వచ్చెయ్యండి."

కింద ఒక కుర్రవాడు కోటులో మునిగిపోయి నిలబడి ఉన్నాడు. జిప్పు గడ్డం దాటి ముక్కుదాకా వచ్చి, మెడకి చుట్టుకున్న ఉన్ని మఫ్లర్‌ని కరిచి పట్టుకుంది. పైకి రాదు, కిందికి పోదు. కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. పక్కన పిల్ల కడుపు పట్టుకుని మెట్టుమీద కూలబడి ఉంది.

"పొద్దుట్నుంచీ ఇందులోనే ఉన్నానండీ," అన్నాడు కోటులోంచి.

"మధ్యాహ్నం నేనే తినిపించానండీ, కాలర్ పైనుంచి," అంది పిల్ల కళ్ళు తుడుచుకుంటూ. "మా అమ్మ పెట్టిన కోటు. లాగితే చిరుగుతుందని భయం. అత్తగారంటే అంత భయం!"

"భయం కాదు, గౌరవం," అంది కోటు.

జిప్పులాయన కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. "పెళ్ళై ఎన్నాళ్ళైంది బాబూ?"

"ఇంకా నెల కాలేదండీ."

"మరైతే ఇరుక్కోవడం ఇప్పుడే అలవాటు చేసుకుంటున్నావన్నమాట."

పిల్ల మళ్ళీ పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపు పైనుంచి, నేల సందుల్లోంచి, ఇంకో నవ్వు వినబడింది. సన్నగా, తెరలు తెరలుగా. ఆవిడ విన్నది! జిప్పులాయనకి ఒళ్ళంతా తేలికైంది. ఇంకో హాస్యం దొరుకుతుందేమోనని మనసులో వెతుక్కున్నాడు కూడా.

మఫ్లర్ కొస కత్తిరించేస్తే క్షణంలో అయిపోయే పని. కత్తెర చేతిలోకి తీసుకున్నాడు.

"అయ్యో, కొయ్యకండీ! అది నేను అల్లింది. మొట్టమొదటిది!" అంది పిల్ల.

ఆయన కత్తెర కింద పెట్టాడు. కోసి బయటపెట్టేది పనే కాదని ఆయన ఎప్పుడూ అంటాడు. గాడిపడ్డ గోటితో ఒక్కో ఉన్ని పోగునీ పన్ను సందులోంచి తప్పించడం మొదలుపెట్టాడు. ఒకటి వస్తే ఇంకొకటి దూరుతోంది. రెండుసార్లు తలెత్తి పైకి చూశాడు. వాసన మెట్లమీదుగా కిందికి దిగి వచ్చింది.

"ఏం వాసనండీ ఇది! ఎవరు చేస్తున్నారు?" అంది పిల్ల.

"నేనే," అన్నాడు. తలెత్తకుండానే పెదవి చివర ముడత పడింది. "మా ఆవిడకి."

"ఎలా చెయ్యాలో చెప్పరూ?"

చెప్పాడు. పోగు తర్వాత పోగు తీస్తూ, వెన్న దగ్గర్నుంచి పండు నవ్వేదాకా అంతా చెప్పాడు. అడుక్కి మాత్రం చిల్లు పడకూడదని రెండుసార్లు చెప్పాడు. ఆఖరి పోగు వదిలింది. రన్నర్ సర్రున కిందికి జారింది. కుర్రవాడు నీళ్ళలోంచి తేలినట్టు ఊపిరి పీల్చుకున్నాడు. తల రేగిపోయిన ఆ మొహాన్ని చూసి పిల్ల చేత్తో జుట్టు సవరించింది.

"ఆదివారం చేసుకుందాం," అంది అతనితో.

"ఆదివారం దాకా ఎందుకమ్మా?" అన్నాడు జిప్పులాయన. కాస్త గట్టిగానే వచ్చింది ఆ మాట. వాళ్ళు ఆశ్చర్యంగా చూసేసరికి గొంతు తగ్గించుకున్నాడు. "చాలా సులువు. ఇవాళే చెయ్యండి."

డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డంగా ఊపి, మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

"విన్నావా ఏమోయ్," అన్నాడు సగం మెట్లమీంచే. "పొద్దుట్నుంచీ కోటులోనే ఉన్నాడట. ఆ పిల్ల కాలర్ పైనుంచి అన్నం ముద్దలు జారవిడిచిందట. అత్తగారంటే భయమా అంటే, భయం కాదు గౌరవం అంటాడు, కోటులోంచి!" గుమ్మందాటి లోపలికి వచ్చాడు. ఆవిడ దిండ్లమీద పక్కకి ఒరిగి, కిటికీవైపు మొహం పెట్టుకుని ఉంది. "మఫ్లర్ కోసేద్దామంటే వద్దంది. తనల్లిందట. ఎంత వంకరగా ఉందో తెలుసా, నేను పండు కోసినట్టే ఉంది."

నవ్వుకోసం ఆగాడు.

వీధిలో ఆ ఇద్దరూ ఎండుటాకులు తొక్కుకుంటూ వెళ్తున్న చప్పుడు, పిల్ల గొంతు, దూరమవుతున్నాయి. దుప్పటిమీది ఎండ కాస్త పక్కకి జరిగింది. ఆయన మంచం చుట్టూ తిరిగి కిటికీవైపు వచ్చాడు. ఆవిడ కళ్ళు సగం మూసి ఉన్నాయి. చెయ్యి పట్టుకున్నాడు. కాలిన గీతల మీదుగా బొటనవేలు పైకీ కిందికీ నడిపించాడు. ఆ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది, కానీ తిరిగి పట్టుకోలేదు.

"వచ్చేశాగా," అన్నాడు మెల్లగా.

స్టూలుమీద పళ్ళెంలో ఆపిల్ పండు ఉంది. దాని పక్కన వాలి ఉన్న స్పూనుకి ఒక ఓట్స్ పలుకు అంటుకుని ఉంది. పండుకి ఒకవైపు, స్పూను పట్టినంత మేర తీసిన చిన్న గుంటలోంచి సన్నటి ఆవిరి ఇంకా పైకి లేస్తోంది.